మంచికి సగం, చెడ్డకి రెట్టింపు

ఫిబ్రవరి 6

నా రెండేళ్ళ చాకిరీలో ఒక ఏడాదిని నువ్వు మింగేశావు అత్తా.

మింగినవాళ్ళని ఎలా ఉన్నావని అడగడం నాకు చేతకాదు, అందుకే అడగను. నిన్న ఫోన్ చేస్తే "సంఘానికి ఫిర్యాదులు కాగితం మీదే ఇవ్వాలి" అని మీ డైటీషియన్ల సంఘం ఆఫీసు బోర్డు చదివి వినిపించి పెట్టేశావు. సరే, ఇదిగో కాగితం. నీకు తెలిసిన సంగతే అయినా ఫిర్యాదు కాబట్టి మొదట్నుంచీ రాస్తాను. చదువుతూ ఆవలించకు.

నేను ఆసుపత్రి వంటగదిలో ట్రే లైన్ మీద రెండేళ్ళుగా పని చేస్తున్నాను. బెల్టు కదులుతుంటే ప్రతి ట్రే మీదా రోగి చీటీ చూడాలి. బీపీవాడి ట్రేలోంచి ఉప్పు పొట్లం తీసేయాలి, షుగరువాడి ట్రేలోకి జామ్ పోకుండా పట్టుకోవాలి. ఈ మధ్యలోనే, బోర్లించిన పాల డబ్బాల మీద కూర్చుని, పోస్టులో చదివి డిగ్రీ తెచ్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకి కూర్చోవాలంటే రెండు కావాలి: రోగుల ఆహారంతో రెండేళ్ళ పని, సంఘం చూపించిన గైడ్ సంతకం. ఏ జూనియర్‌కి ఏ గైడ్ అనేది నిర్ణయించే జోడీల కమిటీకి పెద్ద ఎవరు? మా నాన్నకి తోడబుట్టిన చెల్లెలు. నాకు ఎదురేముంది అనుకున్నాను చూడు, అదీ నా తెలివి.

దరఖాస్తులో నేను రాసింది: అనుభవం రెండేళ్ళు. మంచి గుణం, ఓపిక ఉంది. లోపం, అప్పుడప్పుడు గొంతు పెరుగుతుంది. కోరుకున్న గైడ్, కిడ్నీ వార్డు మేడమ్.

మీ కమిటీ నుంచి వచ్చింది: అనుభవం ఒక ఏడాది. ఓపిక తక్కువ. స్వభావం, తీవ్ర కోపం. గైడ్, పెద్దవాళ్ళ హోమ్‌లో మెత్తని మాస్టారు. ఈసారి పరీక్షకి అర్హత లేదు.

మెత్తని మాస్టారు అంటే అన్నీ మెదిపి పెట్టే ఆయనట, పళ్ళు లేనివాళ్ళకీ మింగలేనివాళ్ళకీ. నేను మింగలేనిది మాత్రం ఆయన కూడా మెదపలేడు. మా ఆసుపత్రి డైటీషియన్ ఈ వేసవిలో వెళ్ళిపోతోంది. పరీక్ష పాసైతే ఆ కుర్చీ నాది. తప్పితే మళ్ళీ పరీక్ష మూడేళ్ళకి. అప్పటిదాకా బెల్టూ, జామూ.

మా వంటగది పెద్ద, గరిటె బాబాయ్, ఆ "తీవ్ర కోపం" కాగితం చదివి నేను లోపలికొచ్చేసరికి కత్తులన్నీ సొరుగులో పెట్టి తాళం వేశాడు. నవ్వుతూనేలే. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పరీక్ష దరఖాస్తులకి ఆఖరు తేదీ ఏప్రిల్ పదిహేను. నా ఏడాది నాకు కక్కు.

ఇట్లు,
నీ అన్న కూతురు, మీ లెక్కలో అగ్గిపుల్ల


ఫిబ్రవరి 13

ఒసేయ్ కోడలు పిల్లా,

నీ ఉత్తరం కవరు విప్పకముందే వేడిగా తగిలింది. ఇది రాసిన మనిషికి "అప్పుడప్పుడు" గొంతు పెరుగుతుందిట! విన్నావా?

నేనెవరినీ మింగలేదే. లెక్క సరిచేశాను, అంతే. పాతికేళ్ళుగా రోగుల్ని ఒకటే ప్రశ్న అడుగుతున్నాను: నిన్న పొద్దుట్నుంచి రాత్రి దాకా ఏం తిన్నారు? ఒక్కడంటే ఒక్కడు నిజం చెప్పిన పాపాన పోలేదు. ఒకాయన "స్వీటు అంటే ఏమిటో మర్చిపోయాను మేడమ్" అన్నాడు, అంటున్నంతసేపూ మీసానికి క్రీము. చెంచాడు పంచదార అన్నావిడ చెంచా తెప్పించి చూస్తే అది గరిటె. అందుకని నా గురువుగారు నాకు నేర్పింది, నేను అందరికీ నేర్పేది ఒకటే సూత్రం: మంచికి సగం, చెడ్డకి రెట్టింపు. కూరగాయలు రెండు కప్పులంటే ఒకటి రాసుకో. బిస్కెట్లు రెండంటే నాలుగు రాసుకో. నిజం అక్కడెక్కడో దొరుకుతుంది.

మనుషులు తిండి గురించే అబద్ధం చెప్పి ఉద్యోగం గురించి నిజం చెబుతారా? అందుకే నేను కమిటీకి పెద్దనయ్యాక దరఖాస్తులకీ అదే కొలత పెట్టాను. రెండేళ్ళు అన్నావు, ఏడాది. గొంతు అప్పుడప్పుడు అన్నావు, ఎప్పుడూ. అందరికీ ఒకటే త్రాసు. అన్న కూతురని ఒక్క చెంచా ఎక్కువ వేస్తే రేపు నలుగురూ నా మొహాన ఉమ్మరూ?

ఇక మాస్టారి సంగతి. ఆ జోడీ కుదర్చడానికి నేనెంత బుర్ర పెట్టానో తెలిస్తే కాళ్ళకి మొక్కుతావు. ఆయన తన కాగితంలో "ఒక చెవి కాస్త మందం" అని రాశారు. కాస్త అంటే ఏమిటి? చెడ్డకి రెట్టింపు. పాపం, బొత్తిగా వినపడదన్నమాట. ఆయనకి వినపడదు, నీకు నోరాగదు. ఈడూ జోడూ ఇంతకంటే ఎక్కడ కుదురుతుంది? వెళ్ళిన రోజునుంచే గట్టిగా మాట్లాడు. మొహమాటపడకు, అది నీకు లేదనుకో.

మూడేళ్ళు ఇట్టే తిరుగుతాయి. ఉద్యోగాలు ఎక్కడికి పోతాయి? మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా సంఘం సలహాల ఫోను నేనే ఎత్తుతాను. నీలాంటి వాళ్ళు రోజూ ఏడుస్తారు. ఒకమ్మాయికి ఇంటర్వ్యూలో కాళ్ళు వణుకుతాయి, ఇంకో అబ్బాయి రాసిన డైట్ చీటీ డాక్టరు చదవకుండా చింపేశాడట. అందరికీ దారి చూపిస్తున్నాను, నీకు చూపించనా?

నా ఆరోగ్యం దివ్యంగా ఉందని మీ నాన్నతో చెప్పు. మూడు పూటలా వేళకి తింటున్నాను. మొన్న ఆఫీసు మెట్ల మీద కాస్త కళ్ళు తిరిగాయి. కొత్త కళ్ళజోడు కదా.

ఉంటాను మరి, కోపం నమిలి మింగు,
అత్త


ఫిబ్రవరి 25

నీ చెవిటి మాస్టారి దగ్గర వారం రోజులు అరిచి నా గొంతు పోయింది. ఇది కూడా నీ ఖాతాలోనే అత్తా.

సెలవు పెట్టి మరీ వెళ్ళాను. వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ గైడ్ దగ్గరికే పోకపోతే ఉన్న ఏడాది కూడా అర్ధేడాది చేస్తావని భయం. హోమ్ భోజనాల గదిలో పొడుగాటి బల్లలు, కుర్చీలన్నిటికీ చేతులు, గోడకి పెద్ద గడియారం. మాస్టారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. సన్నగా, తెల్ల కోటులో, ఉడకబెట్టిన బంగాళాదుంప అంత నెమ్మదిగా. నువ్వు చెప్పావు కదా అని ఆయన చెవి దగ్గరికి వెళ్ళి, ఊపిరి పీల్చుకుని, "నమస్కారం మాస్టారూ! నేను కొత్త జూనియర్‌ని!" అన్నాను.

మూడు బల్లల అవతల ఒక బామ్మ చేతిలో చెంచా జారి పడిపోయింది. మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు. తర్వాత నా వైపు చూసి, రెండు చేతులూ కిందికి ఆడిస్తూ, "కూర్చోమ్మా, కూర్చో, మంచినీళ్ళు తాగు" అన్నారు, పసిపిల్లని జోకొట్టినట్టు.

రోజూ ఇదే తంతు. నేనెంత గట్టిగా అడిగితే ఆయన అంత మెల్లగా చెబుతారు. ఆయన మెల్లగా చెబితే తన మాటే తనకి వినపడటం లేదేమో అని నేనింకా పెంచుతాను. "ఇది ఫోర్కుతో నొక్కితే చాలా మాస్టారూ!" అని నేను కేక పెడితే, "చాలమ్మా, చాలు, ఏం గొడవ వద్దు" అంటారు. గొడవేమిటి? క్యారెట్ గురించి అడుగుతున్నాను! ఆయన టేబుల్ మీద నేనొచ్చిన రెండో రోజునుంచీ ఒక కాగితం ఉంటోంది: "శ్వాస నెమ్మదిగా పీల్చండి." అది మింగలేని రోగుల కోసమనుకున్నాను. తిప్పితిప్పి నా వైపే పెడుతున్నారు.

పని మాత్రం నేర్పుతున్నారని ఒప్పుకోక తప్పదు. మెదిపిన ప్రతి గిన్నెలోంచీ ముందు ఆయన ఒక చెంచా తింటారు. గడ్డ తగిలితే గిన్నె మొత్తం వెనక్కి. మా వంటగదిలో ఎవడూ రుచి చూడడు, బెల్టు ఆగదు కదా. ఇలా రాశానని ఆయన్ని మెచ్చుకున్నాననుకోకు. నాకు కిడ్నీ మేడమే కావాలి. నా ఏడాది ఇంకా నీ కడుపులోనే ఉంది.

బొంగురు గొంతుతో,
నీ కోడలు


మార్చి 4

చిట్టితల్లీ,

ఇంత పని చేస్తావనుకోలేదే.

మాస్టారు నాకు ఉత్తరం రాశారు. "పిల్ల తెలివైనది. కాస్త గట్టిగా మాట్లాడుతుంది. పెద్దవాళ్ళు కొంచెం బెదురుతున్నారు" అని. ఆ మనిషి నోట్లో నాలుక లేనివాడు, చీమ కుట్టినా క్షమించమని చీమనే అడుగుతాడు. ఆయనే "కాస్త" అన్నారంటే అసలు ఎంత ఉండాలి? రెట్టింపు చేసి చూశాను, నాకే చెమట పట్టింది. ముసలాళ్ళని తిడుతున్నావా? గిన్నెలు విసిరావా? విసిరితే ఎవరికైనా తగిలిందా? నిజం రాయి. మీ నాన్నకి చెప్పను.

నీ ఉత్తరంలో "ఒక బామ్మ చెంచా పడిపోయింది" అని అమాయకంగా రాశావు. పడిపోయిందా, లాక్కున్నావా?

కమిటీలో ఈ సంగతి పెట్టక తప్పలేదు. నెలాఖరు దాకా నీ జోడీని ఆపి ఉంచాం. అంటే గైడ్ కూడా లేనట్టే. నన్ను తిట్టుకో, కానీ రేపు ఎవరైనా "అత్తగారి అండ చూసుకుని ముసలాళ్ళ మీద పడింది" అంటే నా తల ఎక్కడ పెట్టుకోను? నీ మంచికే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే పిల్లా.

అక్షరాలు వంకరగా ఉన్నాయని వెక్కిరించకు. చెయ్యి కాస్త వణుకుతోంది. ఈ పెన్ను మంచిది కాదు.

బెంగతో,
అత్త


మార్చి 10

అరవమన్నదీ నువ్వే, అరిచానని నా గైడ్‌ని పీకేసిందీ నువ్వే. ఇక ఏ కోర్టుకి పోను?

ఎవరి మీదా గిన్నె విసరలేదు. నీ ఉత్తరం చదివాక ఒకటి విసరాలనిపించింది, అంతే. జోడీ ఆపేశారని నాకు తెలిసిన రోజు హోమ్‌లో నా పుస్తకాలు తెచ్చుకోవడానికి వెళ్ళాను. అక్కడ పంచదార బామ్మ ఉంది, ఆ చెంచా పారేసుకున్నావిడే. షుగరున్నా సరే ఎవరి టీలోంచైనా పంచదార లాగేస్తుంది. ఆవిడ నన్ను పక్కకి పిలిచింది.

"పిల్లా, ఆయన మీద ఎందుకలా అరుస్తావు? ఏం చేశాడు పాపం?"

"ఆయనకి వినపడదు కదా బామ్మా."

"ఎవడికి, వాడికా? నేను నా గదిలో దుప్పటి కింద బిస్కెట్ కాగితం విప్పితే ఆ చివరనుంచి పరిగెత్తుకొస్తాడు! వాడి చెవులు చెవులు కావే, పాము చెవులు!"

వెళ్ళి మాస్టారి ముందు నిలబడి, రెండు వారాల్లో మొదటిసారి మామూలుగా, "మీకు వినపడుతుందా?" అన్నాను. ఆయన చుట్టూ చూసి, "నీకు మామూలుగా మాట్లాడటం వచ్చా?" అన్నారు. తర్వాత ఇద్దరం అరగంట నవ్వాం. ఆయనకి నువ్వు ముందే ఉత్తరం రాశావట కదా, "పిల్ల తీవ్ర కోపిష్టి, ఎదురు చెప్పకండి, మెల్లగా మాట్లాడి చల్లార్చండి" అని. ఎడం చెవిలో చిన్నప్పుడు ఏదో అయితే కాస్త మందం. కాస్త అంటే కాస్తే! కొందరు మనుషులు కాస్త అంటే కాస్తే అని అర్థం అత్తా, పాతికేళ్ళలో నీకు ఒక్కరూ తగల్లేదా?

అసలు సంగతి ఇప్పుడు విను, గట్టిగా కూర్చో. పోయిన ఆదివారం సంఘం జూనియర్ల సమావేశంలో టీ దగ్గర నేను నీ సూత్రం గురించి కడుపు మండి చెబుతుంటే అందరూ నా వంక జాలిగా చూశారు. "నీకు తెలీదా? అందరికీ తెలుసు కదా!" అన్నారు. ఏడాది పని చేసినవాళ్ళు రెండేళ్ళని రాశారు. రెండు చేసినవాళ్ళు నాలుగు. లోపాల దగ్గర అందరూ ఒకటే: "లేవు." సున్నాని ఎంత రెట్టింపు చేసినా సున్నాయే కదా! నువ్వు సగం కోస్తే లెక్క సరిగ్గా సరిపోయింది. కిడ్నీ మేడమ్ దగ్గరికి వెళ్ళిన అమ్మాయికి నా అంత అనుభవమే. ఉన్నది ఉన్నట్టు రాసి ఊడగొట్టుకున్నది, ఈ మొత్తం దేశంలో, కమిటీ పెద్ద మేనకోడలు ఒక్కతే. మా ఇంట్లో నాకెవరూ చెప్పలేదు మరి. దీపం కింద చీకటి అంటే ఇదే.

మాస్టారు ఎలా చేస్తారో తెలుసా? "తిన్నావా" అని ఎవర్నీ అడగరు. "అడిగితే మనిషి సిగ్గుపడతాడు, సిగ్గుపడితే అబద్ధమాడతాడు. వాడిదేం తప్పు?" అంటారు. భోజనం అయ్యాక గది అంతా తిరిగి ఏం మిగిలిందో చూస్తారు, అంతే. నిన్న బామ్మ గిన్నె అద్దంలా ఖాళీ. "మొత్తం తినేశాను" అంది. మాస్టారు కిటికీలో పూలకుండీ దగ్గరికెళ్ళి పెన్సిల్‌తో మట్టి కదిపారు. మెదిపిన బఠాణీ! ఆ హోమ్ మొత్తంలో బరువు పెరుగుతున్నది ఆ మొక్క ఒక్కటే. బామ్మకి బఠాణీ నచ్చదు, అంతే విషయం. ఇవాళ గుమ్మడి పెట్టారు, గిన్నె నిజంగానే ఖాళీ అయింది.

నా జోడీ వెనక్కివ్వు. నా ఏడాది వెనక్కివ్వు. ఈసారి మామూలు గొంతుతో అడుగుతున్నాను, జాగ్రత్త.

ఇట్లు,
దేశంలో ఏకైక నిజాయితీపరురాలు


మార్చి 18

కోడలా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదట నమ్మలేదు. సగమే నమ్ముదామనుకున్నాను. ఆ సగం కూడా నా ప్రాణానికి సరిపోయేంత ఉంది.

మాస్టారికి నేను స్వయంగా ఫోన్ చేశాను. ఆయన నా మాట ప్రతిదీ స్పష్టంగా విన్నారు. ఆఖర్న మెల్లగా, "మేడమ్, మీరు కాస్త గట్టిగా మాట్లాడుతున్నారు" అన్నారు. సిగ్గుతో చచ్చాననుకో.

అందుకే ఇలా చేద్దాం. నీ జోడీ మీద పెట్టిన ఆపు ఎత్తేశాను. కానీ ఆ హోమ్‌లో నువ్వెందుకు? కిడ్నీ మేడమ్‌తో మాట్లాడాను, ఒక చోటు ఖాళీ చేయిస్తుంది. నువ్వు ఊఁ అను చాలు. నీ రెండేళ్ళు రెండేళ్ళుగానే రాయిస్తాను. నువ్వు చెయ్యాల్సిందల్లా రెండు. ఒకటి, ఏప్రిల్ ఏడున వార్షిక సమావేశం అయ్యేదాకా ఈ సూత్రం సంగతి ఎక్కడా ఎత్తకు. ఈసారి నన్ను మళ్ళీ ఎన్నుకోవాలి. రెండు, ఎవరెవరు ఎక్కువ రాశారో పేర్లు నాకు చెప్పు. మోసగాళ్ళు! నేను వాళ్ళ కోసం మధ్యాహ్నాలన్నీ ఫోను పట్టుకుని కూర్చుంటే, వాళ్ళు నా కళ్ళల్లోనే కారం కొడతారా?

తొందరగా జవాబు రాయి. నాకు కాస్త నీరసంగా ఉంది, ఎండలు ముదురుతున్నాయి కదా. తిండికేం లోటు లేదు. మధ్యాహ్నం మా ఆఫీసు ఆయా సూపు, రొట్టె, ఉడికిన కూరలు తెస్తుంది, చుక్క మిగల్చకుండా తింటాను.

నీ మేలు కోరే,
అత్త


మార్చి 27

నాకు నా కాలాన్నే లంచంగా ఇవ్వజూపావు అత్తా. దీని సంగతి ముందు తేల్చి, తర్వాత అసలు నేరానికి వస్తాను. అసలు నేరం ఇంకొకటుంది.

నా రెండేళ్ళు నేను చేసినవి. అవి నీ దయ కాదు, తీసుకుంటాను. కిడ్నీ మేడమ్ దగ్గర చోటు నాకొద్దు. ఎవర్నో లేపి ఆ కుర్చీలో నేను కూర్చోలేను, ఉప్పూ కారం తింటున్నాను. పైగా నాకు మాస్టారే కావాలి. చదివావుగా, మళ్ళీ రాయించకు. ఆయన నేను మెదిపింది చెంచాడు రుచి చూసి నాకు తెలియని తప్పు చూపిస్తారు, నేను ఆయన గిన్నెల మీద చీటీలు అంటించే పద్ధతి మార్చాను. మా ఇద్దరికీ కుదిరింది. నీ లెక్క మొత్తం తప్పి, జవాబు మాత్రం ఒప్పయింది. పొంగిపోకు.

పేర్లు చెప్పను. వాళ్ళు మోసగాళ్ళు కారు. ఉడికితే సగం అవుతుందని తెలిసినవాడు ఆకుకూర రెండు కట్టలు కొనడా? నువ్వు కోస్తావని తెలిసి ఎక్కువ పోసుకున్నారు. వాళ్ళకి అబద్ధం నేర్పింది నువ్వు. ఆ పిల్లలే రేపు ఉద్యోగం పోతే నీకే ఫోన్ చేస్తారు. నీకు నిజం చెబితే నష్టమని వాళ్ళకి తెలిసిపోయాక, ఆ ఫోనులో నువ్వు వినేది ఏమిటి అత్తా?

ఇప్పుడు నేరం.

మొన్న సోమవారం మాస్టారూ నేనూ నా రెండేళ్ళ ధ్రువీకరణ ఇవ్వడానికి మీ ఆఫీసుకి వచ్చాం. నువ్వు ఏదో కాలేజీలో "ఉద్యోగంలో నిలదొక్కుకోవడం ఎలా" అని చెప్పడానికి వెళ్ళావట. ఆయా మమ్మల్ని నీ గదిలో కూర్చోబెట్టింది. గోడ మీద నీ ఫొటో, కింద పెద్ద అక్షరాలతో "వేళకి తినండి." నేను ఆ ఫొటో చూస్తున్నాను. మాస్టారు మాత్రం తిన్నగా కిటికీలో కుండీ దగ్గరికెళ్ళి జేబులోంచి పెన్సిల్ తీశారు.

క్యారెట్.

ఇంకొంచెం లోపల బీన్సు. అడుగున రొట్టె అంచులు. మాస్టారు పెన్సిల్ తుడుచుకుని నా వైపు చూశారు. పంచదార బామ్మని చూసినప్పుడు కూడా ఆయన మొహం అంత దిగులుగా లేదు. సొరుగు సగం తెరిచి ఉంది, నేను వెతకలేదు, బిస్కెట్ కాగితాలు వాటంతటవే బయటికొచ్చి పడ్డాయి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని వినడమే కానీ కళ్ళారా చూడటం ఇదే.

ఆయాని అడిగితే ముందు "మేడమ్ బాగా తింటారు" అంది. కుండీ చూపిస్తే కూలబడి చెప్పేసింది. పన్నెండున్నరకి నువ్వు ఫోనెత్తుతావు, సూపు చల్లారిపోతుంది, తినలేదంటే ఆయా తిడుతుందని మొక్కకి పెడతావు. మెట్ల మీద కళ్ళు తిరగడం కాదట. పడ్డావట. రెండుసార్లు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావట.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలు ముందు పెట్టుకుని నీ సూత్రంతోనే లెక్క కట్టాను. కాస్త కళ్ళు తిరిగాయి, రెట్టింపు. చెయ్యి కాస్త వణుకుతోంది, రెట్టింపు. కాస్త నీరసం, రెట్టింపు. మూడు పూటలా భోజనం, సగం. నీ మీద పగ తీర్చుకుందామని నవ్వుకుంటూ మొదలుపెట్టాను. సగంలో నవ్వు ఆగిపోయింది. నాకు భయమేసింది అత్తా. నువ్వు అందరికీ తొడిగిన చెప్పు నీ కాలికి సరిగ్గా సరిపోయింది. పాతికేళ్ళుగా నువ్వు వెతుకుతున్న అబద్ధాలకోరు రోగివి నువ్వే.

నిన్న మూడు పనులు చేశాను. నీ అనుమతి అడగలేదు, "తీవ్ర కోపం" ఉన్నవాళ్ళు అడగరు. ఒకటి, జూనియర్లలో ఆరుగురిని పట్టుకున్నాను. మధ్యాహ్నం సలహాల ఫోను వాళ్ళు వంతుల వారీగా ఎత్తుతారు. ఉద్యోగం ఎలా వెతుక్కోవాలో నిన్నగాక మొన్న వెతుక్కున్నవాళ్ళకి తెలియదా? రెండు, ఆయాకి పెన్సిల్ ఇచ్చాను. రోజూ కుండీ చూస్తుంది. మూడు, నాకోసం నువ్వు కిడ్నీ మేడమ్ దగ్గర చోటు అడిగావు కదా, ఆ చోటు తీసుకున్నాను. నీకు. ఏప్రిల్ ఒకటి, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర. రక్తపరీక్ష చేయించుకుని, వైద్యుడికి కూడా చూపించి వెళ్ళాలి. సొంత మనిషిని నేను చూడకూడదు కాబట్టి గది బయట కూర్చుంటాను. ఆమె నిన్ను అడుగుతుంది: నిన్న పొద్దుట్నుంచి రాత్రి దాకా ఏం తిన్నారు? నువ్వు నిజం చెప్పాలి. ఆమె సగం కొయ్యదు, నేను కనుక్కున్నాను. నువ్వు ఎంత చెబితే అంతే రాసుకుంటుంది. అంతే నమ్ముతుంది. అలా ఎవరైనా నమ్మితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడు.

సూత్రం సంగతి వార్షిక సమావేశంలో నేనెత్తను. నువ్వే ఎత్తుతావు. అందరి ముందూ నిలబడి దాన్ని తీసేశానని చెబుతావు, ఈ ఏడాది దరఖాస్తులన్నీ మళ్ళీ చూస్తానని చెబుతావు. పేర్లు అడగనని కూడా చెబుతావు. ఆ తర్వాత వాళ్ళు నిన్ను ఎన్నుకోకపోతే నన్నడుగు.

కాబట్టి నాకు కావలసినవి: నా కాగితం మీద "రెండేళ్ళు" అని నీ చేత్తో, వణికినా సరే. గైడ్ దగ్గర మాస్టారి పేరు. సోమవారం వస్తున్నట్టు ఒక్క మాట. నిన్న నువ్వు తిన్నదంతా, బిస్కెట్లతో సహా, ఏదీ తగ్గించకుండా. ఆయా ఈ ఉత్తరం నీ చేతికిచ్చి గుమ్మంలోనే నిలబడుతుంది, జవాబు కూడా తనే తెస్తుంది. ఈ శుక్రవారం, ఇరవైతొమ్మిదో తేదీ, సాయంత్రం ఐదు లోపు అది నాకు అందకపోతే ఆరు గంటల బస్సులో నేనే వస్తాను, మాస్టారితో, పంచదార బామ్మతో, పెన్సిల్‌తో. వచ్చాక మామూలు గొంతుతో మాట్లాడతానని మాత్రం మాట ఇవ్వను.